బీరువాలో 43 డిజిటల్ వాచీలు

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా. పదహారేళ్ళుగా చెన్నైలో, వేళచ్చేరిలో ఉంటున్నాం. నా వయసు 44. డిజిటల్ వాచీలు పోగుచేయడం నా అలవాటు. మొదట్లో కాలిక్యులేటర్ వాచీలంటే పిచ్చి. తర్వాత పెద్ద జీ-షాక్‌లు (దెబ్బలకు తట్టుకునే క్యాసియో వాచీలు), నల్ల తెర వాచీలు, రేడియో సిగ్నల్‌తో టైమ్ దిద్దుకునేవి. బీరువాలో 43 ఉన్నాయి. రెండేళ్ళుగా చేతికి మాత్రం సన్నటి క్యాసియో ఎఫ్-91డబ్ల్యూ తప్ప ఏదీ ఎక్కడం లేదు. తిరిగి తిరిగి అన్నిట్లోకీ చవకైనదాని దగ్గరికే వచ్చాను. మిగతావి చూస్తే డబ్బు తగలేశాననిపిస్తుంది, అమ్మబోతే చేతులు రావు. పార్శిళ్ళు ఆఫీసుకు తెప్పించుకుంటున్నానని మా ఆవిడకు ఈమధ్య తెలిసింది. అప్పట్నుంచీ ఇంట్లో మాటల్లేవు. పదకొండేళ్ళ మా బాబు ఒక వాచీ అడిగితే "పాడుచేస్తావు" అని ఇవ్వలేదు. నాకు నిలకడ లేదా? అన్నీ ఒకేసారి అమ్మేయనా?

జవాబు: ఒకేసారి అమ్మకండి. సిగ్గుతో అమ్మిన వస్తువును ఏడాది తిరక్కుండా మళ్ళీ వెతుక్కుని ఎక్కువ ధరకు కొనడం సేకరించేవాళ్ళలో మామూలే. మీ ఉత్తరంలో రెండు విషయాలు చిక్కుపడి ఉన్నాయి: మోజు మారడం ఒకటి, పార్శిళ్ళు దాచడం ఒకటి. మొదటిదాంట్లో మీ తప్పేమీ లేదు. రెండోదాంట్లో ఉంది.

మోజు ఎందుకు మారిందో ఆ వాచీలే చెబుతాయి. నలభై దాటితే చత్వారం మొదలవుతుంది. నల్ల తెర మీద లేత అంకెలుండే నెగిటివ్ డిస్‌ప్లే కొనేటప్పుడు ఎంత ముచ్చటగా ఉన్నా, మసక వెలుతురులో వాలుగా చూస్తే అంకెలు తేలవు. ఇరవై ఎనిమిదేళ్ళ కంటికి అడ్డురాని లోపం ఇప్పుడు అడ్డొస్తుంది. పెద్ద జీ-షాక్ చెన్నై ఉక్కపోతలో రోజంతా ఉంటే పట్టీ కింద చెమట నిలిచి చర్మం ఒరుసుకుంటుంది, పొడుగు చేతుల చొక్కా గుండీ పడదు. ఎఫ్-91డబ్ల్యూ పట్టీతో కలిపి 21 గ్రాములే. ఇక రేడియో వాచీ. ఆ సిగ్నల్ పంపే కేంద్రాలు జపాన్‌లో రెండు, అమెరికా, బ్రిటన్, జర్మనీ, చైనాల్లో ఒక్కొక్కటి. మన దేశంలో లేదు. చెన్నైలో అది రోజూ రాత్రి వెతికి ఊరుకుంటుంది, మామూలు క్వార్ట్జ్ వాచీలాగే నెలకు కొన్ని సెకన్లు తేడా చూపిస్తుంది. ఏ గుణం చూసి కొన్నారో అది ఇక్కడ పనిచేయనప్పుడు మనసు విరిగిపోవడంలో వింత లేదు.

చవకైనదాని దగ్గరికి వచ్చానని చిన్నబుచ్చుకోకండి. 1972లో తొలి డిజిటల్ చేతివాచీ హామిల్టన్ పల్సర్ అమ్మకానికొచ్చినప్పుడు 18 క్యారట్ల బంగారు కేసుతో దాని ధర 2,100 డాలర్లు. ఎర్రటి ఎల్‌ఈడీ అంకెలు బ్యాటరీని తాగేస్తాయి కాబట్టి బొత్తాం నొక్కితేనే టైమ్ కనిపించేది. 1989 నాటి ఎఫ్-91డబ్ల్యూ ఒక్క సీఆర్ 2016 బ్యాటరీతో దాదాపు ఏడేళ్ళు, నొక్కే పని లేకుండా, టైమ్ చూపిస్తూనే ఉంటుంది. అన్నీ వాడి చూసిన మనిషి దాన్ని ఎంచుకోవడం మంచి అభిరుచే. దాని ఒక్క బలహీనత రాత్రి దీపం: ఎడమ మూల నుంచి చిన్న వెలుగు పడుతుందంతే. అది ఇబ్బందయితే తెర మొత్తం వెలిగే క్యాసియో ఏ168 చూడండి, అదీ మీరిద్దరూ మాట్లాడుకున్నాక.

మీ ఆవిడ మాట మానేసింది వాచీల లెక్క చూసి కాకపోవచ్చు. మీరు ఆఫీసు అడ్రసు ఇచ్చిన ప్రతిసారీ, తనకు తెలియకూడదని ఒక నిర్ణయం తీసుకున్నారు. ఆమెకు గుచ్చుకున్నది అదే అయ్యుంటుంది. పని ఒత్తిడి లేని ఆదివారం, పిల్లవాడు బయట ఆడుకుంటున్నప్పుడు కూర్చోండి. ముందురోజే ఒక నోటుపుస్తకంలో 43 వాచీలూ రాయండి: మోడల్, కొన్న ఏడాది, అసలు ధర, ఇంటికి వచ్చిందా ఆఫీసుకు వచ్చిందా. ఒక్కటి కూడా తగ్గించి రాయకండి. పుస్తకం ఆమె చేతికిచ్చి, "ఇవి నీకు తెలియకుండా కొన్నాను, తప్పు చేశాను" అనండి. "ఇది కూడా పెట్టుబడే" అనే మాట నోట రానివ్వకండి. ఈ తరహా వాచీల్లో చాలావరకు పెట్టె తెరిచిన రోజే ధర పడిపోతుంది, అది మీకూ తెలుసు. ఆమె కోప్పడితే పూర్తిగా వినండి, సమాధానాలు సిద్ధం చేసుకోకండి. తర్వాత నెలకు ఇంత అని ఇద్దరూ ఒక మొత్తం అనుకోండి, కొనుగోలు సైట్లలో దాచిన కార్డు వివరాలు తీసేయండి, ఇకమీదట ఏ పార్శిలయినా ఇంటికే రావాలి. అర్ధరాత్రి మనసు కుదుటపడటానికి కొనడం, వచ్చాక పెట్టె కూడా తెరవకపోవడం, అప్పుచేసి కొనడం ఇవేవైనా ఉంటే అది అభిరుచి దాటిపోయిన సంగతి. అప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి-మానస్ 14416కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కరలేదు.

ఇప్పుడు బీరువా సంగతి. అమ్మాలా వద్దా అన్నది మూడు నెలలు వాయిదా వేయండి. మూడేసి చొప్పున బయటికి తీసి, ఒక్కోటి రెండు రోజులు పెట్టుకుని, పుస్తకంలో దాని ఎదురుగా ఒక్క ముక్క రాయండి: "చదవలేకపోయాను", "మర్చిపోయి పడుకున్నాను", అలా. తొంభై రోజుల్లో అన్నీ ఒక చుట్టు వస్తాయి. ఒక్కో దశకు గుర్తుగా ఒక్కోటి ఉంచుకోండి, కాలిక్యులేటర్ వాచీల్లో ఒకటి, జీ-షాక్‌లలో ఒకటి. మోజు తిరిగొస్తే ఆ ఒక్కటి చాలు, మళ్ళీ మొత్తం కొనే పని ఉండదు.

ఈలోగా అవి పాడవకుండా చూసుకోవడం అవసరం, చెన్నైలో మరీను. జీ-షాక్ బెజెల్ (తెర చుట్టూ ఉండే అంచు), పట్టీ చేసిన పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్ గాలిలో తేమను పీల్చుకుని లోలోపలే విరుగుతుంది. వాడినా వాడకపోయినా అది ఆగదు, చెమట ఉంటే ఇంకా త్వరగా. ముందు జిగటగా అవుతుంది, తర్వాత పెళుసెక్కి బొత్తాల దగ్గర చిట్లుతుంది. ప్రతిదాన్నీ గోరువెచ్చని నీళ్ళలో కాస్త సబ్బు వేసి, మెత్తటి బ్రష్‌తో పట్టీ లోపలివైపు రుద్ది కడగండి. నీళ్ళకు ఆగనివాటికి తడిగుడ్డ చాలు. ఫ్యాను కింద ఒక రోజు ఆరనివ్వండి, హెయిర్ డ్రయ్యర్ వద్దు. ఒకదానికొకటి తగలకుండా సిలికా జెల్ పొట్లాలతో డబ్బాలో పెట్టండి. కలరా ఉండలు వేసిన అరలో మాత్రం వద్దు, ఆ ఆవిరి కొన్ని ప్లాస్టిక్‌లను మెత్తబరుస్తుంది. పాత జీ-షాక్ బెజెల్‌ను ఊరికే ఊడదీసి చూడకండి, తీసేటప్పుడే పగిలేది ఎక్కువ.

ఏడాదికి మించి పక్కన పెట్టేవాటిలో బ్యాటరీ తీసేయండి, చచ్చిన బ్యాటరీ కారితే సర్క్యూట్ పోతుంది. సోలార్ వాచీలది దీనికి పూర్తిగా భిన్నం. వాటిని చీకట్లో నెలల తరబడి ఉంచితే లోపలి రీచార్జబుల్ సెల్ నీరసిస్తుంది. నెలకొకసారి కిటికీ దగ్గర, ఎండ నేరుగా కొట్టని చోట పెట్టండి. రాత్రిపూట దాదాపు గంట చీకట్లో ఉంటే తెర ఖాళీ అవుతుంది, అది నిద్రపోవడమే, పాడవడం కాదు. మీ దగ్గర జీడబ్ల్యూ-ఎం5610 అనే సోలార్ జీ-షాక్ ఉంటే అందులోది సీటీఎల్ 1616 అనే రీచార్జబుల్ సెల్. సైజు కుదిరింది కదా అని సీఆర్ 1616 వేయకూడదు, అది చార్జ్ చేసే రకం కాదు.

మూడు నెలల తర్వాత వెళ్ళిపోయేవి తేలతాయి. నెలకు రెండు మూడే అమ్మండి. అంకెల్లోని గీతలన్నీ కనిపిస్తున్న తెర ఫోటో, వెనక మూత ఫోటో ఇచ్చి, పట్టీ జిగట ఉంటే ఉందని రాయండి. ఎఫ్-91డబ్ల్యూ అమ్మినా కొన్నా కుడి బొత్తాం మూడు సెకన్లు నొక్కిపట్టి చూడండి, అసలుదైతే తెర మీద క్యాసియో అని అక్షరాలు వస్తాయి. వచ్చిన డబ్బు మీ ఆవిడకు కనబడే ఖాతాలోనే పడాలి. దాన్ని ఏం చేయాలో మొదటి ఏడాది ఆమెనే చెప్పనివ్వండి.

బాబుకు ఒక ఎఫ్-91డబ్ల్యూ ఈ వారమే ఇవ్వండి. ఆ మోడల్‌వి ఒకటికి మించి ఉంటే గీతలు పడ్డదాన్ని ఏరకండి, వాడినే ఎంచుకోనివ్వండి. ఇచ్చేముందు ఇద్దరూ కలిసి బ్యాటరీ మార్చండి. వెనక నాలుగు చిన్న స్క్రూలు. సరిపోయే సన్న స్క్రూడ్రైవర్ లేకపోతే తలలు అరిగిపోతాయి. మూత ఎత్తేముందే కింద తెల్లగుడ్డ పరచుకున్నారో లేదో చూసుకోండి, ఎందుకంటే బీప్ శబ్దాన్ని మూతకు అందించే వెంట్రుకంత స్ప్రింగ్ అక్కడే ఎగిరిపడుతుంది. అది పోతే వాచీ నడుస్తుంది, అలారం మాత్రం మూగబోతుంది. కొత్త బ్యాటరీ వేశాక ఏసీ అని రాసి ఉన్న చిన్న చుక్కకూ బ్యాటరీ పై ముఖానికీ ఇనుప పట్టకారు రెండు సెకన్లు తగిలిస్తే రీసెట్ అవుతుంది. రబ్బరు రింగు గాడిలోనే ఉందని చూసి, సిలికాన్ గ్రీజు పలచగా రాసి, స్క్రూలు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించండి. ఆ పని పిల్లవాణ్ణే చేయనివ్వండి, మీరు గుడ్డ పట్టుకోండి.