ఒకటి శ్రుతిలో దుఃఖం

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. ఇంగ్లిష్ గాయని కాథ్లీన్ ఫెరియర్ 1946లో డెక్కా రికార్డు కంపెనీకి ఇంగ్లిష్ మాటల్లో పాడిన గ్లుక్ పాట మీద రాశావు. పద్దెనిమిదో శతాబ్దపు స్వరకర్త గ్లుక్, ఓర్ఫియస్ కథ మీద కట్టిన ఆపెరాలో, అంటే పాటలతో నడిచే నాటకంలో, పాట అది. ఆ పాట జోలికి ఈ వయసులో పోయినందుకే ముచ్చటేసింది. కానీ మొదటి పేరా దాటలేకపోయాను. "మైనర్ కీలో, నెమ్మదిగా, గుండెలు పిండేసేలా సాగే విషాదగీతం" అన్నావు. ఇందులో మొదటి మాట తప్పు; మైనర్ అంటే పాశ్చాత్య సంగీతంలో విషాదానికి ఎక్కువగా వాడే స్వరాల వరస. రెండోది దేనితో పోల్చి అన్నావో చెప్పలేదు. మూడోది పాట వినకముందే నువ్వు అనేసుకున్నది.

ఆ పాట సి మేజర్‌లో ఉందమ్మా. మన లెక్కలో ఒకటి శ్రుతి, శంకరాభరణం స్వరాలు. పక్కన హార్మోనియం ఉంటే సరిగమ వాయించి చూడు, ఎక్కడా ఏడుపు ఉండదు. చనిపోయిన భార్యను యమలోకం నుంచి తెచ్చుకుంటూ, వెనక్కి చూడొద్దన్న షరతు తప్పి, ఆమెను రెండోసారి పోగొట్టుకున్న ఓర్ఫియస్ పాడే పాట అది. ఆ భార్య పేరు యూరిడీచె. "యూరిడీచె లేకుండా ఏం చేయను, ఎక్కడికి పోను" అంటాడు. ఆ మాటలకు పెళ్లిపందిట్లో కూడా పనికొచ్చే వరస కట్టాడు గ్లుక్. పందొమ్మిదో శతాబ్దంలో వియన్నా విమర్శకుడు హాన్స్‌లిక్ దీన్నే పట్టుకున్నాడు: "పోగొట్టుకున్నాను" అన్నచోట "దొరికింది" అని పెట్టినా వరస చక్కగా సరిపోతుందన్నాడు. నీ వ్యాసానికి అసలు ప్రశ్న ఇది. మైనర్ అని రాసి దాన్ని చేజేతులా పారేసుకున్నావు.

మరి దుఃఖం ఎక్కణ్ణించి వస్తోంది? గ్లుక్‌నే అడుగుదాం. 1762లో వియన్నాలో ఈ ఆపెరా ఆడిన ఎనిమిదేళ్లకు, 1770లో, మరో ఆపెరా అచ్చువేస్తూ రాసిన అంకితంలో ఈ పాట సంగతి ఎత్తాడు. పాడే తీరు కాస్త మారితే చాలు, ఇది బొమ్మలాటలో గంతులపాట అయిపోతుందన్నాడు. ఒక స్వరం పట్టాల్సినంత పట్టకపోయినా, ఒత్తు పడాల్సినచోట పడకపోయినా సీను మొత్తం పాడైపోతుందని ఆయన భయం. మన కాటిసీను పద్యాన్ని వన్స్‌మోర్ కోసం జోరుగా లాగించేవాళ్లను చూసినవాళ్లకు ఆ భయం తెలుసు.

కాబట్టి "నెమ్మదిగా" అని ఊరుకోకు. గడియారం పెట్టుకుని పల్లవికి పదిహేను సెకన్లలో ఎన్ని దెబ్బలు పడుతున్నాయో లెక్కపెట్టు. తర్వాత పాతకాలపు వాద్యాలతో చేసిన ఈమధ్యవాళ్ల రికార్డింగు ఒకటి తీసుకుని అదే లెక్క చూడు. వాళ్లు సాధారణంగా జోరుగా పాడతారు. అక్కడ ఓర్ఫియస్ దుఃఖం మనిషిని కూర్చోనివ్వని కంగారుగా వినిపించవచ్చు. ఫెరియర్ దగ్గర అది కదలలేని బరువు. ఏది గొప్పదో నువ్వు తీర్పు చెప్పనక్కర్లేదు. నాకైతే ఫెరియరే ఇష్టం. వయసు అలాంటిది.

ఇంకోటి. పల్లవి మూడుసార్లు వస్తుంది. దాదాపు అవే మాటలు, అదే వరస. మధ్యలో రెండుసార్లు పాట ఆగి, "యూరిడీచె, యూరిడీచె" అని పిలుపు. మొదటిసారి బదులు పలకమంటాడు. రెండోసారికి భూమ్మీదా ఆకాశంలోనూ దిక్కులేదని తెలిసిపోతుంది. ఆ తర్వాత మళ్లీ అదే పల్లవి ఎత్తుకోవాలి. ఎత్తుగడలో వరస మారదు, మనిషి మారిపోయాడు. ఆ మూడో ఎత్తుగడలో ఫెరియర్ గొంతు సన్నగా మొదలైందా, నిండుగా మొదలైందా? ఊపిరి ఎక్కడ తీసుకుంది? నీ నాలుగు పేజీల్లో ఒక పేజీ దీనికే ఇవ్వాల్సింది. నువ్వు ఒక వాక్యమైనా ఇవ్వలేదు.

శ్రుతి విషయంలో మాత్రం తొందరపడకు. 1774లో పారిస్‌లో గ్లుక్ ఇదే పాటను లెగ్రో అనే గాయకుడి కోసం ఎఫ్‌కి, అంటే నాలుగు శ్రుతికి, ఎత్తాడు. అది గొంతును బట్టి చేసిన పని, రసాన్ని బట్టి కాదు. పాతవాద్యాలవాళ్లలో కొందరు ఎ స్వరానికి సెకనుకు 440 కంపనాలకు బదులు 415 పెట్టి, అంటే అర శ్రుతి దించి, వాద్యాలు శ్రుతి చేసుకుంటారు. అప్పుడు పుస్తకంలో సి ఉన్నా నీ హార్మోనియం ఏడు శ్రుతి అంటుంది. ఇక నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత గ్రామఫోను ప్లేట్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. నిమిషానికి నాలుగున్నర చుట్లు తగ్గితే చాలు, పాట దాదాపు అర శ్రుతి దిగుతుంది, వేగమూ తగ్గుతుంది.

నాకిది ఎలా తెలిసిందంటావా? కుర్రతనంలో ఓ వారపత్రికకు ఒక పాత ఇటాలియన్ ప్లేటు మీద రాస్తూ, "దుఃఖభారంతో గాయకుడు శ్రుతి దించుకున్నాడు" అని పొంగిపోయాను. వారం తిరక్కుండా ఒక పాఠకుడి కార్డు వచ్చింది. "అయ్యా, తమ గ్రామఫోను స్ప్రింగు ఓసారి చూపించుకోండి." అంతే, ఇంకో ముక్క లేదు. స్ప్రింగు నిజంగానే వదులైంది.

చివరి పేజీలో ఫెరియర్ మరణాన్ని పాటలోకి తెచ్చావు. 1953 ఫిబ్రవరిలో లండన్ కోవెంట్ గార్డెన్ ఆపెరా హాల్లో ఇదే ఓర్ఫియస్ పాత్ర వేస్తూ, తొడ ఎముక విరిగినా సీను చివరిదాకా నిలబడింది మహాతల్లి. ఆ అక్టోబరులోనే పోయింది. చదువుతుంటే నాకూ కళ్లు చెమర్చాయి. కానీ ఆమెకు కేన్సరని తెలిసింది 1951లో. 1946లో మైకు ముందు నిలబడి పాడుతున్న మనిషికి ముప్పై నాలుగేళ్లు, పేరు అప్పుడప్పుడే పైకొస్తోంది. ఆ గొంతులో చావు వినపడుతోందంటే అది నీ చెవి చెప్పిన మాట కాదు, నువ్వు చదివిన జీవితచరిత్ర చెప్పిన మాట. ఆ పేరా తీసెయ్. కష్టంగానే ఉంటుంది, బాగా రాశావు మరి.

తిరగరాశాక పోస్టులో పంపకు, నువ్వే రా. ఆదివారం పొద్దున ఇంట్లోనే ఉంటాను. నీ ఫోన్లో ఉన్నదీ నా దగ్గరున్న ప్లేటూ పక్కపక్కన పెట్టి విందాం. స్ప్రింగు మార్పించాను.

ఉంటాను,
మీ మాష్టారు