బ్యాంకాక్‌లో డేటా ఎంట్రీకి నెలకు 80 వేలట... ఏజెంటుకు లక్షన్నర కట్టమంటారా?

ప్రశ్న: మాది ఖమ్మం. మా అబ్బాయి 2024లో బీటెక్ మెకానికల్ పూర్తిచేశాడు. అమీర్‌పేటలో హాస్టల్‌లో ఉండి ఏవో కోర్సులు నేర్చుకుంటూ ఉద్యోగం వెతుకుతున్నాడు. ఈమధ్య ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రకటన చూసి టెలిగ్రామ్‌లో మాట్లాడితే టైపింగ్ టెస్ట్ పెట్టారు, వీడియో కాల్‌లో పది నిమిషాలు ఇంటర్వ్యూ చేశారు. బ్యాంకాక్‌లో డేటా ఎంట్రీ, నెలకు 80 వేలు, తిండి వసతి కంపెనీదే అని ఆఫర్ లెటర్ పంపారు. ఇక్కడి ఏజెంటు మా బావమరిదికి తెలిసినవాడే. లక్షన్నర అడుగుతున్నాడు, సగం ఈ వారంలోనే కట్టాలట. ముందు టూరిస్టుగా వెళ్తే అక్కడ వర్క్ పర్మిట్ చేయిస్తారట. మా ఆవిడ నగలు తాకట్టు పెడదామంటోంది. ఆరు నెలల కిందట వాడు టెలిగ్రామ్‌లోనే ఏదో హోటల్ రేటింగ్ పని అని 23 వేలు పోగొట్టుకున్నాడు, అందుకే నాకు భయంగా ఉంది. లెటర్ ఫొటో పంపుతున్నాను. అసలుదేనా? పంపమంటారా?

జవాబు: వద్దండీ. డబ్బు కట్టొద్దు, నగలు బయటకు తీయొద్దు, అబ్బాయిని విమానం ఎక్కించొద్దు. ఈ మాట వినగానే మీ అబ్బాయికి నా మీద కోపం వస్తుంది, కాబట్టి ఎందుకు వద్దంటున్నానో వివరంగా రాస్తాను, ఇద్దరూ కలిసి చదవండి.

లెటర్ అసలుదా అని అడిగారు. చూశాను, బాగానే ఉంది, లోగో ఉంది, స్టాంపు ఉంది, సంతకం ఉంది. ఇవన్నీ ఫోన్‌లోనే తయారుచేసుకునే రోజులివి కాబట్టి లెటర్ చూసి ఏదీ తేల్చలేం. చూడాల్సింది ఉద్యోగాన్ని. బ్యాంకాక్‌లో ఉన్న కంపెనీకి టైపింగ్ చేసే మనిషి కావాలంటే ఖమ్మం నుంచి అనుభవం లేని మెకానికల్ కుర్రాడిని తీసుకెళ్లి, గది ఇచ్చి, భోజనం పెట్టి, 80 వేలు ఎందుకిస్తుంది? అదే పనిని ఇక్కడే కూర్చోబెట్టి ఇరవై వేలకు చేయించుకోవచ్చు కదా. మన దగ్గర పెద్ద ఐటీ కంపెనీల్లో ఫ్రెషర్ ప్యాకేజీ ఏళ్ల తరబడి మూడున్నర లక్షల దగ్గరే ఆగిపోయింది, అంటే నెలకు ముప్పై వేలలోపు. దానికే రాతపరీక్ష, టెక్నికల్ రౌండు, హెచ్ఆర్ రౌండు, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్, ఆపైన జాయినింగ్ కోసం నెలల తరబడి ఎదురుచూపులు. ఇక్కడేమో ఒక టైపింగ్ టెస్టుకూ పది నిమిషాల కబుర్లకూ ఏడాదికి దాదాపు పది లక్షలు. వాళ్లకు కావాల్సింది టైపింగ్ కాదు.

వాళ్లకు కావాల్సింది తెలుగు వచ్చిన, కాస్త ఇంగ్లిష్ కూడా మాట్లాడగలిగిన మనిషి. ఈ బ్యాంకాక్ ఉద్యోగాల్లో చాలావాటికి పని బ్యాంకాక్‌లో ఉండదు. విమానాశ్రయంలో దిగాక కారెక్కించి గంటల తరబడి ప్రయాణం చేయించి సరిహద్దు ఊరు మే సోత్ తీసుకెళ్తారు, అక్కడి నుంచి మోయి నది దాటిస్తే అవతల మయన్మార్‌లోని మ్యావడీ. కేకే పార్క్ లాంటి సైబర్ నేరాల కాంపౌండ్లు వెలిసింది అక్కడే. పాస్‌పోర్ట్ లాగేసుకుంటారు. పొద్దున లేచి చేయాల్సిన పనేమిటంటే అమ్మాయి ఫొటోతో నకిలీ ప్రొఫైల్ పెట్టి మనవాళ్లతో చాటింగ్, నకిలీ ట్రేడింగ్ యాప్‌లో డబ్బు పెట్టించడం, పార్శిల్‌లో డ్రగ్స్ దొరికాయని బెదిరించడం. మనకొచ్చే మోసపు కాల్స్ కొన్నిటి వెనక ఉద్యోగమని నమ్మి వెళ్లి ఇరుక్కున్న మన పిల్లలే ఉంటారన్నది చేదు నిజం. టార్గెట్ చేరకపోతే కొడతారు, జరిమానాలు వేస్తారు, వెళ్లిపోతానంటే నీ మీద ఇంత ఖర్చుపెట్టాం కట్టి వెళ్లు అని డాలర్లలో లెక్క చెబుతారు.

ఇదేదో కొత్తగా బయటపడిన సంగతీ కాదు. థాయ్‌లాండ్ పేరుతో నకిలీ ఐటీ ఉద్యోగాలు చూపించి మయన్మార్‌కు తరలిస్తున్నారని మన విదేశాంగ శాఖ 2022 సెప్టెంబరులోనే హెచ్చరించింది. 2024 మేలో కంబోడియాకు యువకులను పంపుతున్న ఏజెంట్లను విశాఖ పోలీసులు అరెస్టు చేశారు, వాళ్లు చెప్పి పంపిందీ డేటా ఎంట్రీ అనే. అదే నెలలో కంబోడియాలోని సిహనౌక్‌విల్‌లో ఇరుక్కున్న మనవాళ్లు తిరగబడితే ఎంబసీ మొదటి విడతగా 60 మందిని వెనక్కి పంపగలిగింది. 2025 మార్చిలో మ్యావడీ వైపు నుంచి బయటపడిన 549 మంది భారతీయులను మే సోత్ నుంచి రెండు వాయుసేన విమానాల్లో తీసుకొచ్చారు. వచ్చినవాళ్లు నేరుగా ఇంటికేం వెళ్లలేదు, పోలీసుల ప్రశ్నలకు జవాబు చెప్పాల్సి వచ్చింది, ఎందుకంటే బలవంతం మీద చేసినా అక్కడ చేసింది మోసమే.

మీ అబ్బాయికి రాబోయే ఉద్యోగం ఇదేనని కళ్లతో చూసినట్టు నేను చెప్పలేను. కానీ ఈ లక్షణాలన్నీ ఒకేచోట ఉన్నప్పుడు బాగుంటుందేమోనని పంపి చూసే విషయం కాదిది.

ఇప్పుడు ఆ టూరిస్టు మాట. నా దృష్టిలో మీరు రాసినదాంట్లో అన్నిటికన్నా పెద్ద సాక్ష్యం ఇదే. థాయ్‌లాండ్‌లో ఉద్యోగం చేయాలంటే నాన్-ఇమిగ్రెంట్ బి వీసా ఉండాలి, ఆపైన వర్క్ పర్మిట్ ఉండాలి, వీటికి కాగితాలు ఇవ్వాల్సింది ఉద్యోగమిచ్చే కంపెనీయే. టూరిస్టుగా దిగి పని మొదలుపెట్టినవాడు మొదటి రోజు నుంచే చట్టం దృష్టిలో తప్పు చేసినవాడు, ఆ తర్వాత పోలీసు దగ్గరకు వెళ్లాలన్నా భయమే. ఏజెంటుకు కావాల్సిందీ ఆ భయమే. నిజంగా మనిషి అవసరమైన కంపెనీ వీసా చేతికొచ్చేదాకా ఆగుతుంది, టికెట్ ముందు కొనేసి తొందరపెట్టదు.

ఇంకో సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. పదో తరగతి పాసవ్వని కూలీలు గల్ఫ్ దేశాలకో థాయ్‌లాండ్, మలేషియాలకో పనికి వెళ్లాలంటే ప్రభుత్వం నుంచి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాలి, అక్కడ కాంట్రాక్టు, జీతం, కంపెనీ అన్నీ ఎవరో ఒకరు చూస్తారు. మీవాడు బీటెక్ కాబట్టి ఆ క్లియరెన్స్ అక్కర్లేదు, అంటే మధ్యలో ఆపి చూసే అధికారి లేడు. చదువుకున్నవాళ్లే ఇంత తేలిగ్గా వెళ్లి ఇరుక్కోవడానికి ఇదొక కారణం.

ఏజెంటు మీ బావమరిదికి తెలిసినవాడు అన్నారు. ఏమనుకోకండి గానీ ఈ వ్యవహారంలో ఆ పరిచయానికి పైసా విలువ లేదు. ఊళ్లో ఏజెంటుకు మనిషికింత అని కమీషన్ వస్తుంది, పైన ఎవరున్నారో అతనికీ తెలియకపోవచ్చు. అక్కడ ఇరుక్కున్నవాళ్లకే ఇంకో ఇద్దరిని తెప్పిస్తే నిన్ను వదిలేస్తాం అని చెప్పి ఊళ్లో స్నేహితులకు ఫోన్లు చేయించిన సందర్భాలూ ఉన్నాయి. చూడాల్సింది లైసెన్సు. విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెంటు ఎవరైనా 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్టర్ అయ్యుండాలి, ఆ జాబితా విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉంటుంది, లైసెన్సు లేకుండా పంపేవాళ్ల జాబితా కూడా రాష్ట్రాలవారీగా అక్కడే పెడతారు. రిజిస్టరైన ఏజెంటు అభ్యర్థి దగ్గర తీసుకోదగిన సర్వీస్ చార్జి 30 వేలు, దానిపై జీఎస్టీ. మీవాడిని అడుగుతున్నది లక్షన్నర. కంపెనీ వివరాలు కూడా లెటర్‌లో ఇచ్చిన నంబర్‌కు ఫోన్ చేసి కనుక్కోవడంలో అర్థం లేదు, అవతల ఎత్తేది వాళ్ల మనిషే. బ్యాంకాక్‌లోని మన ఎంబసీ వెబ్‌సైట్ మీరే విడిగా వెతికి, అక్కడున్న ఈమెయిల్‌కు కంపెనీ పేరు రాసి అడగండి.

ఆ 23 వేల సంగతికొస్తాను. హోటళ్లకు అయిదు స్టార్లు ఇస్తే 150 చొప్పున వస్తాయి, మొదటి రోజు నిజంగానే నాలుగైదు వందలు ఖాతాలో పడతాయి, అది చూపించే మనిషిని నమ్మిస్తారు. తర్వాత ప్రీపెయిడ్ టాస్క్ అంటారు, వెయ్యి పెడితే పద్నాలుగు వందలు ఇస్తారు, అయిదు వేలు పెట్టాక మాత్రం డబ్బు స్క్రీన్ మీదే పెరుగుతుంది, చేతికి రాదు. తీసుకోవాలంటే ట్యాక్స్ కట్టు, నీ స్కోరు తగ్గింది ఇంకో టాస్క్ చెయ్ అంటారు, గ్రూపులో మిగతావాళ్లంతా నాకు వచ్చాయి నాకు వచ్చాయి అని స్క్రీన్‌షాట్లు పెడుతుంటారు. ఆ మిగతావాళ్లూ వాళ్ల మనుషులే. మీ అబ్బాయి తెలివితక్కువవాడు కాబట్టి పోయిందనుకోకండి, ఇందులో బ్యాంకు ఉద్యోగులూ టీచర్లూ కూడా పోగొట్టుకున్నారు.

అప్పుడు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశారో లేదో మీరు రాయలేదు. డబ్బు పోయిన గంటా రెండు గంటల్లో చేస్తే అది వేరే ఖాతాల్లోకి పాకేలోపే ఆపే అవకాశం ఉంటుంది, ఆరు నెలల తర్వాత తిరిగి వస్తుందని మీకు ఆశపెట్టను. అయినా సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు ఇవ్వండి, యూపీఐ లావాదేవీల నంబర్లు, టెలిగ్రామ్ చాట్ స్క్రీన్‌షాట్లు జతచేయండి. ఆ డబ్బు మేం తిరిగి ఇప్పిస్తాం, కొంచెం ఫీజు కట్టండి అని ఎవరైనా సంప్రదిస్తే అదీ మోసమే.

ఒక మాట మాత్రం అబ్బాయిని మెల్లగా అడగండి, బ్యాంకు ఖాతా, ఏటీఎం కార్డు, సిమ్ ఎవరికైనా వాడుకోమని ఇచ్చాడా అని. హాస్టళ్లలో ఇది బాగా నడుస్తోంది, నీ ఖాతా నెల రోజులు ఇస్తే అయిదు వేలు అంటారు. మోసం సొమ్ము ఆ ఖాతాలోంచి వెళ్తుంది, పోలీసులు ముందు పట్టుకునేది ఖాతాదారునే. కెరీర్ సలహాలు ఇచ్చే మనిషిగా నాకు ఇది 23 వేల కన్నా పెద్ద విషయం, ఎందుకంటే పోయిన డబ్బు రెండేళ్లలో సంపాదించుకోవచ్చు, కేసు ఉంటే పాస్‌పోర్ట్ వెరిఫికేషన్ దగ్గరా కంపెనీ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ దగ్గరా ఏళ్ల తరబడి వెంటాడుతుంది. ఇచ్చి ఉంటే ఇవాళే బ్యాంకుకు వెళ్లి రాతపూర్వకంగా చెప్పి ఖాతా ఆపించండి. ఆధార్, పాన్ కాపీలు ఎలాగూ పంపేసి ఉంటాడు, కాబట్టి ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేయమనండి, అతని పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలో చూడమనండి, తీసుకోని లోన్ ఏదైనా ఉందేమో ఒకసారి సిబిల్ రిపోర్ట్ తీయమనండి. ఒరిజినల్ పాస్‌పోర్ట్ ఏజెంటు దగ్గర ఉంటే మాత్రం రేపే వెళ్లి తెచ్చుకోండి.

ఇక అసలు కష్టం. ఇది పోగొడితే మళ్లీ రాదు అన్న టెన్షన్‌లో అతనున్నాడు. పెళ్లిళ్లకు వెళ్తే మీవాడు ఏం చేస్తున్నాడు అని అడుగుతారు, మీకూ ఇబ్బందిగానే ఉంటుంది, బ్యాంకాక్‌లో ఉద్యోగం అని చెప్పుకోవడం బాగుంటుంది. దీని మీద మోసగాళ్లు ఆడుకుంటున్నంతగా మరి దేని మీదా ఆడుకోవట్లేదని నా అభిప్రాయం. 2024 బ్యాచ్‌లో ఇంకా వెతుకుతున్నవాళ్లు చాలామందే ఉన్నారు, మెకానికల్‌లో అయితే మరీనూ. 23 వేల సంగతి మళ్లీ ఎత్తి తిట్టకండి, తిడితే ఈసారి ఏది జరిగినా మీకు చెప్పడు.

రేపో మాపో ఇంకొకరు వచ్చి హైదరాబాద్‌లోనే బ్యాక్‌డోర్‌లో పెట్టిస్తాం, రెండు లక్షలు అంటారు, దానికీ ఇదే జవాబు. టీసీఎస్, ఇన్ఫోసిస్ లాంటి కంపెనీలు ఉద్యోగానికి ఎవరి దగ్గరా డబ్బు తీసుకోమని తమ కెరీర్ పేజీల్లోనే రాసి పెట్టుకున్నాయి. నకిలీ ఎక్స్‌పీరియన్స్‌తో లోపలికి వెళ్లినా వెరిఫికేషన్‌లో బయటపడితే ఆ కంపెనీలోకి మళ్లీ అడుగుపెట్టడం కష్టం.

విదేశం వెళ్లాలన్న కోరిక తప్పేం కాదు. మన రాష్ట్ర ప్రభుత్వానికే టామ్‌కామ్ అని సొంత రిక్రూటింగ్ సంస్థ ఉంది, జర్మనీ, జపాన్ లాంటి చోట్లకు పంపుతుంది, కాకపోతే అక్కడి భాష నేర్చుకోవాలి, నెలలు పడుతుంది. ఈలోగా కేంద్రం అప్రెంటిస్‌షిప్ పోర్టల్ నాట్స్‌లో పేరు నమోదు చేసుకోమనండి, బీటెక్ వాళ్లకు ఏడాది పాటు స్టైపెండ్‌తో శిక్షణ దొరుకుతుంది. పటాన్‌చెరు, జీడిమెట్ల, ఆదిభట్ల, జహీరాబాద్ వైపు ఫ్యాక్టరీల్లో క్వాలిటీ, ప్రొడక్షన్ ట్రైనీలుగా తీసుకుంటారు, ఆంధ్ర వైపు శ్రీసిటీ, పెనుకొండ ఉన్నాయి. మొదటి జీతం పదిహేను, పద్దెనిమిది వేలే ఉండొచ్చు, షిఫ్టులు ఉంటాయి, అమీర్‌పేట సుఖం ఉండదు. రెండేళ్లు నిలబడితే మాత్రం రెజ్యూమెలో చూపించుకోవడానికి ఒక పని ఉంటుంది, గల్ఫ్‌కో జర్మనీకో అడిగేదీ అదే.

ఏజెంటు మళ్లీ ఫోన్ చేస్తే గొడవపడకండి. మీ లైసెన్సు నంబరు, కంపెనీ ఇచ్చిన బి వీసా కాగితాలు వాట్సాప్‌లో పంపండి, చూసుకున్నాక డబ్బు గురించి మాట్లాడదాం అని ఒక్క మెసేజ్ పెట్టండి. నిజంగా పంపితే ఆ నంబరు నాకు రాయండి, ఈ-మైగ్రేట్‌లో కలిసి చూద్దాం. పంపకుండా తొందరపెడితే ఆ చాట్ అంతా చెరిపేయకుండా పోలీస్ స్టేషన్‌లో ఇవ్వండి, మీ దగ్గర తప్పించుకున్నా ఖమ్మంలో ఇంకొకరింటికి వెళ్తాడు. మీ ఎరుకలో ఎవరి పిల్లవాడైనా ఇప్పటికే ఇలా వెళ్లి మాట్లాడటం తగ్గించేసి ఉంటే ఆ ఇంటివాళ్లకు మదద్ పోర్టల్ గురించి చెప్పండి, విదేశాల్లో చిక్కుకున్నవాళ్ల గురించి కుటుంబాలు ఫిర్యాదు చేసేది అందులోనే.

అబ్బాయి రెజ్యూమె పంపమనండి, ఆటోక్యాడ్, సాలిడ్‌వర్క్స్ లాంటివి ఏవి ఎంతవరకు వచ్చో, షిఫ్టుల్లో పని చేయడానికి సిద్ధమో కాదో అందులో నిజం రాయమనండి.