ఇన్‌స్పెక్టర్ కాబోతున్న మా అమ్మలుకు

అమ్మలూ,

నువ్వు బిల్డింగ్ ఇన్‌స్పెక్టర్ ట్రైనింగ్‌లో చేరుతున్నావని నిన్న మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. సంతోషం పట్టలేక వెంటనే మీ పెద్దమ్మను పిలిచి చెప్పాను. ఆ తర్వాత రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదు. రిటైరై ఇన్నాళ్ళయినా ఆ పని పేరు వింటే నాకు ఇంకా టెన్షనే. మన ఇంట్లో నా తర్వాత ఈ పనిలోకి వస్తున్నది నువ్వే. గర్వంగా ఉంది, భయంగానూ ఉంది. ఫోన్‌లో అయితే సగం మర్చిపోతానని రాస్తున్నాను. కాస్త ఓపిగ్గా చదువు.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. కోడ్ పుస్తకం, అంటే భవనాలు ఎలా కట్టాలో చెప్పే నియమాల పుస్తకం, నీ సొంతానికి ఒకటి కొనుక్కో. సర్టిఫికెట్ పరీక్షలు చాలావరకు పుస్తకం దగ్గర పెట్టుకుని రాసేవే, కాబట్టి కంఠతా పట్టడం వృథా. ఏ విషయం ఎక్కడ ఉంటుందో వేలికి తెలియాలి. నిర్వచనాల అధ్యాయం అందరూ దాటేస్తారు, నువ్వు దానితోనే మొదలుపెట్టు. ప్రతి నియమం కింద మినహాయింపులు ఉంటాయి. సైట్‌లో నీతో వాదించేవాళ్ళు వాటినే చదువుకుని వస్తారు. అమెరికాలో చాలాచోట్ల పాటించే ఇంటర్నేషనల్ బిల్డింగ్ కోడ్ 2000లో మొదలైంది, మూడేళ్ళకోసారి కొత్త ఎడిషన్ వస్తుంది. అయితే ప్రతి చోటా తాజా ఎడిషనే అమల్లో ఉండదు. నువ్వు పనిచేసే చోట చట్టం ఏ ఎడిషన్‌ని ఒప్పుకుందో ముందు కనుక్కో.

క్లాసులు ఆన్‌లైన్‌లో కూడా ఉన్నాయట, వీడియోలు స్పీడు పెంచి చూసెయ్యొచ్చట. అది మాత్రం నా దగ్గర అనకు. సర్టిఫికెట్ కోసం క్లాసు వినడం వేరు, రేపు ఒక భవనం మీద సంతకం పెట్టడానికి వినడం వేరు. చేరిన వారంలోనే ఒకటి అడుగు: సీనియర్ ఇన్‌స్పెక్టర్‌తో కలిసి సైట్‌కి పంపే రోజులు ఈ ట్రైనింగ్‌లో ఎన్ని? లేవంటే నువ్వే ఎవరినైనా బతిమాలి వెంట వెళ్ళు.

నాకు పని నేర్పిన పెద్దాయన మొదటి నెలంతా నా చేత మెట్లే కొలిపించారు. విసుగొచ్చేది. టేపు పెట్టి ప్రతి మెట్టు ఎత్తూ కొలిచి రాయమనేవారు. మధ్యలో మెట్లన్నీ సరిగ్గానే ఉండేవి. తేడా దాదాపు ఎప్పుడూ మొదటి మెట్టులోనో చివరి మెట్టులోనో దొరికేది. ఎందుకో రెండు మూడు సైట్లయ్యాక అర్థమైంది. మెట్లు పోసేటప్పుడు ఫ్లోరింగ్ ఇంకా వెయ్యరు. తర్వాత కింద టైల్స్ పరిస్తే మొదటి మెట్టు పొట్టిదవుతుంది, పై అంతస్తులో పరిస్తే చివరి మెట్టు పొడుగవుతుంది. ఒక వరుసలో అతి పొడుగు మెట్టుకూ అతి పొట్టి మెట్టుకూ తేడా 9.5 మిల్లీమీటర్లు దాటకూడదని ఇంటర్నేషనల్ కోడ్ అంటుంది. ఈ కాస్తకి ఇంత పట్టింపా అని మేస్త్రీ నవ్వుతాడు. మనిషి కాలు రెండు మెట్లు ఎక్కగానే ఆ ఎత్తును గుర్తుపెట్టుకుంటుంది, మిగతావి చూడకుండానే ఎక్కేస్తుంది. చీకట్లో, పొగలో, చంటిబిడ్డను ఎత్తుకుని దిగేవాళ్ళు ఆ లెక్కనే నమ్ముకుని దిగుతారు.

కోడ్‌లో ఒక నియమం ఎందుకుందో తెలిస్తే నీకు గట్టిగా నిలబడే ధైర్యం వస్తుంది. 1942 నవంబరు 28 రాత్రి బోస్టన్‌లో కోకోనట్ గ్రోవ్ అనే నైట్‌క్లబ్ తగలబడి 492 మంది చనిపోయారు. ముఖద్వారం గుండ్రంగా తిరిగే తలుపు. జనం రెండు వైపుల నుంచీ తోసుకోవడంతో అది బిగుసుకుపోయింది. మిగతా దారుల్లో కొన్నిటికి తాళాలు, కొన్ని తలుపులు లోపలికి తెరుచుకునేవి. తిరిగే తలుపు పక్కనే మామూలు తలుపు ఉండాలన్న నియమం ఆ తర్వాతే గట్టిపడింది. నన్ను అన్నిటికంటే బాధించే విషయం ఇంకొకటుంది. మంటలకు కొద్ది రోజుల ముందే అక్కడ తనిఖీ జరిగింది, పరిస్థితి బాగుందని రిపోర్టు రాశారు. కాబట్టి తలుపును కంటితో చూసి వచ్చెయ్యకు. చేత్తో నెట్టు, పూర్తిగా తెరుచుకునేదాకా నెట్టు. దాని అవతల సామాను పేర్చారేమో అడుగు బయటపెట్టి చూడు.

నాకు కనిపించేవాటి కంటే కప్పేసేవాటి భయం ఎక్కువ. స్లాబ్ పోశాక లోపలి కడ్డీలు కనిపించవు, ఫాల్స్ సీలింగ్ బిగించాక పైపుల కోసం గోడకు కొట్టిన రంధ్రాలు కనిపించవు. రెండు గంటలు మంటను ఆపాల్సిన గోడలో ఒక కేబుల్ కోసం పిడికిలంత కన్నం పెట్టి, మూయకుండా వదిలేస్తే పొగకు అదే దారి. అందుకే కప్పకముందు జరిగే తనిఖీకి ఎంత అలిసిపోయి ఉన్నా వెళ్ళు. బాల్కనీ స్లాబ్ దగ్గర ఇంకాసేపు ఆగు. బాల్కనీని మోసేది పైన ఉండే కడ్డీలే. పనివాళ్ళు వాటి మీద నడిస్తే అవి కిందికి నొక్కుకుపోతాయి. పొద్దున చూసినప్పుడు సరిగ్గా ఉన్న కడ్డీ మధ్యాహ్నం కాంక్రీట్ పోసేసరికి అడుగున ఉంటుంది. పై కడ్డీలను ఎత్తిపట్టే చైర్లు ఉన్నాయా, కాలితో నొక్కితే కడ్డీ దిగుతోందా చూడు. కింది కడ్డీలు అడుగుకు ఆనకుండా ఎడం ఉంచే కవర్ బ్లాకులు ఉన్నాయో లేవో వంగి, వేళ్ళు దూర్చి చూడు. నడుం నొప్పి వస్తుంది, రానీ.

ఇప్పుడు అసలు విషయం. దీని కోసమే ఈ ఉత్తరం.

1981 జూలై 17 సాయంత్రం అమెరికాలోని కాన్సాస్ సిటీలో, హయత్ రీజెన్సీ హోటల్ లాబీలో వేలాడే రెండు నడక వంతెనలు జనం మీద కూలాయి. 114 మంది చనిపోయారు, 200 మందికి పైగా గాయపడ్డారు. హోటల్ తెరిచి అప్పటికి ఏడాది దాటిందంతే. మా పెద్దాయన నాకు ఈ సంగతి పాత కాగితం వెనక పెన్సిల్‌తో గీసి చెప్పారు. నీకు నేను మాటల్లో చెబుతాను, నువ్వు గీసుకో.

నాలుగో అంతస్తు దగ్గర ఒక వంతెన, సరిగ్గా దాని కింద రెండో అంతస్తు దగ్గర ఇంకొకటి. మొదటి డిజైన్ ప్రకారం పైకప్పు నుంచి దిగిన ఒకే పొడవాటి రాడ్డుకు రెండు వంతెనలూ వేలాడాలి. పై వంతెన దూలం రాడ్డు మధ్యలో ఒక నట్టు మీద ఆనుతుంది, కింది వంతెన దూలం రాడ్డు చివర ఇంకో నట్టు మీద. అంత పొడవునా మరలు కోసి, అవి దెబ్బతినకుండా ఎక్కించడం కష్టమని ఉక్కు పని చేసేవాళ్ళు రాడ్డును రెండుగా మార్చారు. ఒకటి పైకప్పు నుంచి పై వంతెన దాకా, రెండోది పై వంతెన దూలం నుంచి కింది వంతెన దాకా. చూపుకి ఏమీ మారలేదు. అవే రాడ్లు, అవే నట్లు.

కానీ ఒకే తాడుకు ఇద్దరు విడివిడిగా వేలాడటం వేరు, పైవాడి కాళ్ళు పట్టుకుని రెండోవాడు వేలాడటం వేరు. తాడు మీద బరువు రెండు సందర్భాల్లోనూ ఒకటే, పైవాడి చేతుల మీద మాత్రం రెట్టింపు. పై వంతెన దూలం కింద ఉన్న నట్టు మీద అలా రెండు వంతెనల భారం పడింది. ఆ దూలం రెండు ఉక్కు చానెళ్ళను ఎదురెదురుగా పెట్టి వెల్డింగ్ చేసిన పెట్టె. రాడ్డు కోసం రంధ్రం సరిగ్గా ఆ వెల్డింగ్ మీదే పడింది. చివరికి దూలం విచ్చుకుని నట్టు అందులోంచి దూరి వచ్చేసింది.

తర్వాత ప్రభుత్వ సంస్థ నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్ పరీక్షించి చూసింది. రాడ్డూ దూలమూ కలిసే జాయింటుకు, కట్టిన రూపంలో, ఊరి కోడ్ అడిగిన బలంలో సుమారు 30 శాతమే ఉంది. మార్చకుండా కట్టి ఉన్నా 60 శాతమే ఉండేది. అంటే ఆ జాయింటుకు మొదట్లోనూ సరైన లెక్క లేదు, మార్పు తర్వాతా లేదు. వాళ్ళు చూసుకుంటారని వీళ్ళు, వీళ్ళు చూశారని వాళ్ళు అనుకున్నారు. డ్రాయింగ్ మీద ఇంజనీర్ల స్టాంపు మాత్రం పడింది. అంతకుముందే, 1979లో, కడుతుండగానే ఆ లాబీ పైకప్పులో కొంత భాగం కూలింది. అంత హెచ్చరిక వచ్చినా ఈ జాయింటు లోపం బయటపడలేదు. బాధ్యులైన ఇంజనీర్ల లైసెన్సులు పోయాయి. పోయిన మనుషులు మాత్రం రారు కదమ్మా.

ఇన్‌స్పెక్టర్ ఇందులో ఏం చెయ్యగలడు, లెక్కలు వెయ్యడం మన పని కాదు కదా అంటావు. నిజమే, మన పని కాదు. కానీ ఆమోదించిన డ్రాయింగ్ చేత్తో పట్టుకుని తలెత్తి చూడటం మన పనే. కాగితం మీద ఒక రాడ్డు ఉండి, పైన రెండు కనిపిస్తే ఆగాలి. ఆగి ఒక్క ప్రశ్న అడగాలి: ఈ మార్పుకు లెక్క ఎవరు వేశారు, చూపించండి. ఇంజనీర్ గారు ఒప్పుకున్నారండీ అంటారు. ఒప్పుకున్న కాగితం అడుగు. చిన్న మార్పేనండీ అంటారు. అప్పుడు ఇంకా గట్టిగా అడుగు. నేను కొత్త భవనంలోకి ఎప్పుడు వెళ్ళినా ఇప్పటికీ ముందు పైకే చూస్తాను, మీ పెద్దమ్మ చెయ్యి పట్టుకుని లాగినా సరే.

ఒత్తిడి తప్పకుండా వస్తుంది. గేటు దగ్గర కాంక్రీట్ లారీ నిలబెట్టి నిన్ను పిలుస్తారు. గంటన్నరలో పొయ్యకపోతే కాంక్రీట్ పాడవుతుంది, నష్టం నీ వల్లే అంటారు. తనిఖీ కాకముందే లారీని పిలిచింది వాళ్ళు. ముందు రోజే పిలవాలని మొదటి మీటింగ్‌లోనే చెప్పి, రాసి ఇవ్వు. గొంతు పెంచకు. పుస్తకం తెరిచి సెక్షన్ చూపించు. ఎలా సరిచెయ్యాలో మాత్రం నువ్వు చెప్పకు, అది డిజైన్ చేసినవాళ్ళ బాధ్యత. నువ్వు సలహా ఇచ్చావా, రేపు ఆ తప్పు నీ మీదికి వస్తుంది. వాళ్ళిచ్చే కానుక ఎంత చిన్నదైనా ముట్టుకోకు.

రిపోర్టులో బాగుంది, బాగాలేదు అని రాసి ఊరుకోకు. ఎక్కడ చూశావు, ఎంత కొలిచావు, కోడ్ ఎంత అడుగుతోంది, సెక్షన్ నంబరేమిటి, అన్నీ రాయి. ఏది చూడలేకపోయావో అదీ రాయి. తూర్పు వైపు సీలింగ్ అప్పటికే మూసేశారు, తెరిచి చూపించలేదు అని రాసే ధైర్యం నీకుండాలి. చూడని దానికి సంతకం పెట్టకు. దీని మీద మాత్రం నాకు మాటివ్వాలి.

ఇక నీ సంగతి. నువ్వు పిడికెడు మనిషివి, తొందర ఎక్కువ. నిచ్చెన పైన కట్టకుండా ఎక్కకు. అంచుకు రెయిలింగ్ లేని చోట ఫోన్ చూస్తూ నడవకు. పునాది గొయ్యిలోకి దిగి చూడమంటారు. ఒకటిన్నర మీటరు లోతు దాటి, పక్కలకు ఆసరా లేకపోతే ఎవరు రమ్మన్నా దిగకు. ఒక క్యూబిక్ మీటరు మట్టి ఒకటిన్నర టన్ను దాకా తూగుతుంది, తడిస్తే ఇంకా ఎక్కువ. అది జారేముందు చెప్పదు. దిగనన్నందుకు భయస్తురాలివని ఎవరైనా అంటే అననీ. ఆడపిల్ల, కొత్త పిల్ల అని నీ మాట తేలిగ్గా తీసుకునేవాళ్ళూ తగులుతారు. వాళ్ళతో వాదించకు, టేపు తీసి కొలిచి అంకె చెప్పు.

బూట్లు, హెల్మెట్ నేను కొనిపెడతాను, మీ నాన్నకు చెప్పాను, వద్దనకు. కాలి సైజు రాసి పంపు. పాదం ముందు భాగంలో ఉక్కు ఉండే బూట్లు వేళ్ళ దగ్గర కాస్త చోటుండేవి తీసుకోవాలి, లేకపోతే వేళ్ళు ఒరుసుకుంటాయి. నువ్వు రాసే మొదటి రిపోర్టు, పరీక్ష కోసం రాసిందైనా సరే, పేర్లు తీసేసి నాకు పంపు. ఎర్ర పెన్నుతో దిద్ది పంపిస్తాను. ఉడుక్కోకూడదు మరి.

ఆశీస్సులతో,
పెదనాన్న