తాతయ్య ఇనప టోపీకి ఆ రంధ్రం ఎలా పడింది?

(పాత వస్తువులు: మీ ప్రశ్నలు, మా జవాబులు. ఈసారి జవాబులిస్తున్నది విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు లేత్ పని చేసి, యుద్ధకాలపు స్టీల్ హెల్మెట్లు సేకరిస్తున్న పాఠక మిత్రులు.)

ప్రశ్న: మా అమ్మ వాళ్ల నాన్నగారు మద్రాస్ సాపర్స్‌లో (సైన్యంలోని ఇంజనీరింగ్ దళం) చేరి, రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా వెళ్లి వచ్చారు. ఆయన ఇనప టోపీ మా ఇంట్లో ఉంది. నడినెత్తిన ఒక రంధ్రం ఉంది, అది తూటా దెబ్బేనని చిన్నప్పటి నుంచి వింటున్నాం. అమ్మమ్మ దానికి తారు పూసి, టోపీని తిరగేసి కోళ్లకి నీళ్లు పెట్టేది. ఇప్పుడు తుప్పు తీయించి, ఆకుపచ్చ రంగు వేయించి, ఫొటో పక్కన పెడదామనుకుంటున్నాను. దీన్ని బ్రాడీ హెల్మెట్ అంటారట, మా పేట పేరుకీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అమ్మా, ముందు ఆ రంగు వేయించే పని ఆపండి. మిగతావి తర్వాత చెబుతాను.

మీరు పంపిన ఫొటోలో రంధ్రం గుండ్రంగా, అంచులు నున్నగా, సరిగ్గా నడిమధ్యలో ఉంది. తూటా దూరితే రేకు లోపలికి వంగి చిరుగుతుంది. ఇది ఫ్యాక్టరీలోనే పెట్టిన రంధ్రం. మీది మార్క్ 2 రకం, 1938 నుంచి వచ్చింది. తలకి ఆనే లోపలి లైనర్‌ని ఒకే ఒక్క బోల్టుతో నెత్తిన బిగించేవాళ్లు. లైనర్ పాడైపోయాక బోల్టు కూడా పోయి ఉంటుంది. ఇంట్లో ఇన్నేళ్లుగా చెప్పుకున్న కథని కాదనడం నాకు కష్టంగానే ఉంది. కానీ తాతగారు బర్మా వెళ్లి రావడానికి ఆ తూటా సాక్ష్యం అక్కర్లేదు కదమ్మా.

మీ ఇంట్లో అయస్కాంతం ఉంటే టోపీకి ఆనించి చూడండి. బ్రిటిష్ సైనిక హెల్మెట్లకి వాడింది ఎక్కువగా మాంగనీస్ స్టీల్. షెఫీల్డ్‌లో రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ 1882లో కనిపెట్టిన ఉక్కు అది, పన్నెండు శాతం దాకా మాంగనీసు ఉంటుంది. అయస్కాంతానికి దాదాపు అంటదు. డ్రిల్ పెడితే పెట్టిన చోటల్లా ఇంకా గట్టిపడి బిట్లని తినేస్తుంది, ఆ ఉక్కుతో పడ్డ పాట్లు నా చేతులకి బాగా గుర్తు. అయస్కాంతం గట్టిగా పట్టుకుంటే మాత్రం అది వేరే ఉక్కు.

తర్వాత టోపీ తిరగేసి, గడ్డం పట్టీ కొక్కేల దగ్గర అంచు అడుగుభాగం చూడండి. మెత్తని పిండి కొంచెం అద్ది, టార్చిలైటుని పక్కవాటుగా పట్టుకుంటే తయారీదారు పొడి అక్షరాలు, ఏడాది తేలతాయి. చూశాక పొడి బ్రష్‌తో పిండి మొత్తం దులిపేయండి.

రంగు ఎందుకు వద్దన్నానో చెబుతాను. నాకు దొరికిన మొదటి హెల్మెట్‌ని కాస్టిక్ సోడా నీళ్లలో నానబెట్టి, వైర్ బ్రష్‌తో తళతళలాడేలా రుద్దాను. రంగు ముప్పావు వంతు ఊడాక లోపల తెల్లగా రాసిన నంబరు కనబడింది. మిగిలినవి చివరి మూడు అంకెలే: 417. అది ఒక జవాను నంబరు. మొత్తం ఉండి ఉంటే అతనెవరో, ఏ ఊరివాడో వెతికేవాణ్ణి. ఇప్పుడు ఏ దారీ లేదు. ఆ హెల్మెట్ ఇప్పటికీ నా బల్ల మీదే ఉంది, చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

అందుకే మీ టోపీ లోపల అంగుళం అంగుళం చూడండి. పేరో నంబరో దొరికితే తాతగారి కాగితాలతో సరిపోల్చండి. సాపర్స్ వారసులైన మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ కేంద్రం బెంగళూరులో ఉంది, వివరాల కోసం అక్కడి రికార్డ్స్ ఆఫీసుకి రాయండి. ఏమీ దొరక్కపోతే ఇంకో మాట కూడా మనసులో పెట్టుకోవాలి. యుద్ధం అయ్యాక మిలిటరీ సరుకు చాలా డిస్పోజల్స్‌లో, అంటే మిగులు సరుకు అమ్మకాల్లో, అమ్ముడుపోయింది. టోపీ ఆ దారిన కూడా ఇంటికి వచ్చి ఉండొచ్చు.

అమ్మమ్మ పూసిన తారు తీయకండి. అదీ ఈ టోపీ చరిత్రే.

ఇక పేరు సంగతి. ఈ బ్రాడీ వేరు, మన పేట బ్రాడీ వేరు. జాన్ లియోపోల్డ్ బ్రాడీ 1915లో లండన్‌లో ఈ నమూనాకి పేటెంట్ తీసుకున్నాడు. కందకాల్లో ఉన్నవాళ్ల మీద పైనుంచి పడే గుండు ముక్కలని ఆపడానికే అంత వెడల్పు అంచు పెట్టాడు.

ప్రశ్న: అన్నా, ఆన్‌లైన్‌లో జర్మన్ హెల్మెట్, "ఒరిజినల్ 1942 మోడల్" అని 6,500కి అమ్ముతున్నారు. అంచు చక్కగా లోపలికి మడిచి ఉంది. తీసుకోనా?
– ఇంజనీరింగ్ విద్యార్థి, గొల్లపూడి

జవాబు: వద్దు తమ్ముడూ. 1942 మోడల్‌లో ఖర్చు, టైమ్ కలిసిరావాలని అంచు మడవడమే మానేశారు. కోసిన అంచు అలాగే బయటికి కొద్దిగా విచ్చుకుని ఉంటుంది. మడిచిన అంచు 1935, 1940 మోడళ్లది. గాలి రంధ్రానికి విడిగా గొట్టం రివెట్ ఉంటే 1935ది, రేకులోనే ఒత్తి ఉంటే 1940ది. అసలు వాటిలో లోపలి పక్కన ఫ్యాక్టరీ గుర్తు, సైజు కలిపి కొట్టి ఉంటాయి. ఈటీ అంటే థాలే ఫ్యాక్టరీ, క్యూ అంటే క్విస్ట్. సైజు 60, 62, 64 ఇలా సరిసంఖ్యే ఉంటుంది. పక్కన అతికించిన డేగ బొమ్మని చూసి మోసపోకు, నకిలీ చేయడానికి అన్నిటికంటే తేలిక అదే. అయస్కాంతం పరీక్ష జర్మన్ వాటికి పనికిరాదు, ఆ ఉక్కు అంటుకుంటుంది.

ప్రశ్న: నా దగ్గరున్న పళ్లెం లాంటి హెల్మెట్ అంచుకి చిన్న రంధ్రాలున్నాయి. ఎవరైనా పాడు చేశారా?
– తెనాలి

జవాబు: లేదండీ. బ్రిటన్‌లో పరీక్షలో నెగ్గని వాటి అంచుకి రంధ్రాలు వేసి, సైనికులకి కాకుండా పౌర రక్షణ దళాలకి ఇచ్చేవాళ్లు. వెనక అంచున వరసగా మూడు ఉంటే మాత్రం వేరే, అది దక్షిణాఫ్రికాలో తయారైంది.

ప్రశ్న: వానాకాలంలో తుప్పు పట్టకుండా ఏం చేయాలి? హెల్మెట్‌తో పాటు గ్యాస్ మాస్క్ కూడా ఉంది.
– పటమట

జవాబు: పొడి గుడ్డతో తుడిచి, రంగు గట్టిగా ఉన్న చోట పల్చగా మైనం రాయండి. పాలిథిన్ కవర్లో కట్టొద్దు, మన కృష్ణ ఒడ్డు గాలికి లోపల చెమ్మ పడుతుంది. తోలు లైనర్‌కి కొబ్బరినూనె పూయకండి. పాత పట్టీ పట్టుకుని గోడకి వేలాడదీయకండి, తెగుతుంది.

గ్యాస్ మాస్క్ మాత్రం పిల్లల మొహానికి పెట్టి ఫొటోలు తీయకండి. ఆ కాలపు బ్రిటిష్ మాస్కుల ఫిల్టర్లలో ఆస్బెస్టాస్ ఉండేది. ఈ రోజే కవర్లో పెట్టి సీల్ చేసి, పిల్లలకి అందకుండా దాచండి.