జపాన్ కామిక్స్ ఈమధ్యే ఆన్‌లైన్‌లో చదవడం మొదలుపెట్టాను. (^_^;) లాంటి ముఖాలకు అర్థం ఏమిటి? ఫోన్‌లో ఎలా టైప్ చేయాలి?

కాపీ కొట్టుకునే జాబితాల జోలికి మాత్రం వెళ్లకండి. వందల ముఖాలు గుమ్మరిస్తారు, ఏది ఎప్పుడు వాడాలో ఒక్కటీ చెప్పరు. మాంగా, అంటే జపాన్ కామిక్స్, చదవడం వస్తే ఈ ముఖాలు వాటంతటవే అర్థమవుతాయి. వీటి వ్యాకరణమంతా అక్కడిదే.

మీరు అడిగిన ముఖంలో ఆ సెమికోలన్ కన్నీరు కాదు, చెమట చుక్క. మాంగాలో ఇబ్బందిలో పడ్డవాడి తల పక్కన గీస్తారే, అదే. నవ్వుతున్నాడు గానీ లోపల మొహమాటం. "రేపు పంపిస్తాలెండి (^_^;)" అంటే పని ఇంకా మొదలే కాలేదని. ఏడుపుకి (;_;), నొప్పికి (>_<), సిగ్గుతో ఎర్రబడ్డ బుగ్గలకు (*^_^*). కోపానికి # గుర్తు పెడతారు, కణత మీద ఉబ్బిన నరం అది. జపాన్ ముఖాల్లో భావమంతా కళ్లలో ఉంటుంది, అందుకే తల పక్కకు వంచకుండా చదవొచ్చు. 1982లో అమెరికా కంప్యూటర్ శాస్త్రవేత్త స్కాట్ ఫాల్మన్ ప్రతిపాదించిన :-) లో భావం చెప్పేది నోరు.

చదవడానికి జపాన్ ప్రచురణ సంస్థ షూయిషా వాళ్ల మాంగా ప్లస్ యాప్‌తో మొదలుపెట్టండి. 2019లో వచ్చింది, ఇంగ్లిష్‌లో ఉంటుంది, చాలా సిరీస్‌లకు మొదటి మూడు, తాజా మూడు అధ్యాయాలు ఉచితం. పేజీలో కుడి పైమూల నుంచి ఎడమకు, తర్వాత కిందికి. ఒకే గడిలో రెండు మాటల బుడగలుంటే కుడివైపుది ముందు. ప్రశ్నకంటే జవాబు ముందు వస్తోందంటే మీరు తిరగేసి చదువుతున్నారన్నమాట. ఒకప్పుడు ఇంగ్లిష్ ప్రచురణకర్తలు పాఠకుల సౌకర్యమంటూ పేజీలనే అద్దంలోలా తిప్పి అచ్చేసేవారు, దాంతో కత్తి పట్టిన ప్రతివాడూ ఎడమచేతి వాటం వాడైపోయాడు!

టైపింగ్‌కి వస్తే, విండోస్‌లో విండోస్ మీటతో పాటు చుక్క నొక్కితే వచ్చే ప్యానెల్‌లో ఈ ముఖాలకు విడిగా ఒక ట్యాబ్ ఉంది. ఆండ్రాయిడ్ జీబోర్డ్‌లో ఎమోజీ బటన్ నొక్కి, కింద :-) ట్యాబ్‌కి వెళ్లండి. ఐఫోన్‌లో కీబోర్డ్ సెట్టింగ్స్‌లో జపనీస్ కానా కలుపుకుంటే ^_^ అనే మీటే ఉంటుంది. ఏదైనా టైప్ చేయడం మొదలుపెట్టగానే అది వేరే మీటగా మారిపోతుంది, కాబట్టి ముందే నొక్కాలి.

అసలు తంటా పంపాక మొదలవుతుంది. భుజాలు ఎగరేసే బొమ్మ ¯\_(ツ)_/¯ తెలుసు కదా, బ్రాకెట్లలో జపాన్ లిపి కతకానాలోని 'త్సు' అక్షరం, అటూ ఇటూ చేతులు. రెడిట్‌లో అతికిస్తే ఎడమ చెయ్యి ఊడిపోతుంది. ఆ చెయ్యి బ్యాక్‌స్లాష్ (\). అక్కడి మార్క్‌డౌన్‌లో, అంటే గుర్తులతో అక్షరాల రూపు మార్చే పద్ధతిలో, బ్యాక్‌స్లాష్ అంటే "తర్వాతి గుర్తును ఉన్నదున్నట్టు చూపించు" అనే ఆదేశం, పని చెప్పి తాను మాయమైపోతుంది. రెండు స్లాష్‌లు పెడితే చెయ్యి వస్తుంది గానీ, రెండు అండర్‌స్కోర్ల మధ్య ఉన్నది ఇటాలిక్‌గా వంగిపోతుంది. మూడు పెట్టాలి: మొదటిది రెండోదాన్ని కాపాడుతుంది, మూడోది అండర్‌స్కోర్‌ని. కొన్ని జపనీస్ ఫాంట్లలో ఆ స్లాష్ యెన్ గుర్తుగా కనిపిస్తుంది, అప్పుడు చేతికి బదులు డబ్బు! వాట్సాప్‌లో మరో గోల. (*^_^*) పంపితే నక్షత్రాలను బోల్డ్ ఆదేశం అనుకుంటుంది, బుగ్గల ఎరుపు పోతుంది. జపనీస్ కీబోర్డులోని వెడల్పాటి నక్షత్రం వాడితే ఈ బాధ లేదు. ఇక :) కొట్టగానే అడక్కుండా పసుపు బొమ్మగా మార్చేసే యాప్‌ల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ సెట్టింగ్ కనిపిస్తే ముందు ఆపేయండి.

ఇంకొకటి. నెట్‌లో కోపపు చూపు అని తిరిగే ముఖంలో కళ్లు కన్నడ 'ఠ'లు. మన దానితోనూ చేయొచ్చు: ఠ_ఠ. కన్నడ అక్షరం మీది గీత బల్లపరుపుగా ఉండి కనుబొమ ముడిచినట్టుంటుంది. మన తలకట్టు పైకి లేస్తుంది కనుక కోపం కన్నా "ఏంటీ?" అనే నిలదీతలా ఉంటుంది, ఫ్యామిలీ గ్రూపుల్లో ఫార్వర్డులకు జవాబుగా ఇదే బాగా పనికొస్తుంది. తరచూ వాడే నాలుగైదింటిని ఐఫోన్‌లో టెక్స్ట్ రీప్లేస్‌మెంట్‌లోనో, ఆండ్రాయిడ్‌లో పర్సనల్ డిక్షనరీలోనో పెట్టుకోండి. షార్ట్‌కట్‌గా 'చెమ్', 'ఏడ్' లాంటి అరకొర ముక్కలే ఇవ్వండి. 'చెమట' అని పూర్తి మాట ఇస్తే వేసవిలో ఇబ్బంది పడతారు (^_^;)