నీటి క్వాంటం గుణాలకూ ప్రాణానికీ సంబంధం ఉందా?

ఉంది. క్వాంటం గుణాలంటే పరమాణువుల స్థాయిలో కనిపించే వింత ప్రవర్తన. ఆ సంబంధం కళ్లకు కట్టేది భారజలం దగ్గర. అందులో మామూలు హైడ్రోజన్‌కు బదులు రెట్టింపు బరువుండే డ్యుటీరియం ఉంటుంది, తేడా అంతే. అయినా 1933లో అమెరికా రసాయన శాస్త్రవేత్త గిల్బర్ట్ లూయిస్ పొగాకు గింజలను దాదాపు శుద్ధమైన భారజలంలో వేస్తే అవి మొలకెత్తలేదు. ఒంట్లోని నీటిలో సగం దాకా భారజలమైతే క్షీరదాలు బతకవు.

బరువు మారితేనే ఇంత తేడా ఎందుకు? హైడ్రోజన్ కేంద్రకం, అంటే ప్రోటాన్, చాలా తేలిక. ఎంత చల్లబరిచినా అది పూర్తిగా నిలకడగా ఉండదు, ఒక్క బిందువులో కుదురుకోకుండా కొంత మేర పరుచుకుని ఉంటుంది. డ్యుటీరియంలో ఈ క్వాంటం కదలిక తక్కువ. కాబట్టి భారజలంలో అణువుల మధ్య హైడ్రోజన్ బంధాలు (ఒక అణువులోని హైడ్రోజన్‌కూ పక్క అణువులోని ఆక్సిజన్‌కూ మధ్య ఉండే ఆకర్షణ) కాస్త గట్టిగా ఉంటాయి. అది 3.8 డిగ్రీల సెల్సియస్ దగ్గరే గడ్డకట్టేది ఇందుకే. ప్రోటీన్ల మడతలు, కణంలో ప్రోటాన్ల ప్రయాణం ఈ బంధాల మీదే ఆధారపడ్డాయి. మరి బంధాల బలం మారితే కణం పని దెబ్బతినదా?

ఎంజైముల్లో, అంటే ప్రాణుల్లో రసాయన చర్యలను వేగవంతం చేసే ప్రోటీన్లలో, ఇంకా విచిత్రం కనిపిస్తుంది. సోయాబీన్‌లోని లైపాక్సిజనేజ్ అనే ఎంజైమ్‌లో హైడ్రోజన్, చర్య జరగడానికి దాటాల్సిన శక్తి అడ్డుగోడను ఎక్కి దిగకుండా దాని గుండానే దూరిపోతుంది. దీన్నే టన్నెలింగ్ అంటారు. అక్కడ డ్యుటీరియం పెడితే చర్య దాదాపు 80 రెట్లు నెమ్మదిస్తుంది.

అయితే దీన్ని చూపించి ‘నీటికి జ్ఞాపకం ఉంటుంది’, అంటే తనలో ఒకప్పుడు కరిగిన పదార్థం గుర్తును నీరు దాచుకుంటుంది అనేవాళ్ల మాట నమ్మకండి. 2005 నాటి కొలతల ప్రకారం, ద్రవ నీటిలో బంధాల అమరిక 50 ఫెమ్టోసెకన్లలోనే చెరిగిపోతుంది (సెకనును వెయ్యి లక్షల కోట్ల భాగాలు చేస్తే అందులో ఒకటి ఫెమ్టోసెకను).