సరిగలా అంటే సరిపోయినట్టు కాదు

పర్లాకిమిడి
ఆదివారం సాయంత్రం

చిన్నోడా,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి అంతా చెప్పింది. దాన్ని ఏమీ అనకు, నేనే గుచ్చి గుచ్చి అడిగాను. అప్పులు ఎంత సరిగ్గా కడుతున్నావో చూసి వేసే ఆ సిబిల్ స్కోరు నీది 591కి పడిపోయిందట, బండికి లోన్ ఇవ్వలేం అన్నారట. నెల రోజుల్లో 750 చేసి పెడతానని ఎవడో పదిహేను వేలు అడిగితే, ‘నా తిప్పలు నేను పడతాను, నీకెందుకు’ అన్నావట. అది విని కొట్లో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. అచ్చం మీ తాత పోలిక.

కానీ ఫోన్ పెట్టేముందు ఇంకో మాట చెప్పింది. బకాయిలో సగం కట్టేస్తే చాలు, మిగతాది వదిలేస్తామని క్రెడిట్ కార్డు వాళ్లు మెసేజ్ పెట్టారట, నువ్వు సరే అనబోతున్నావట. రాత్రి నాకు నిద్ర లేదు. ఫోన్‌లో చెబితే ‘సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా’ అంటూ ఇంకేదో చూసుకుంటూ ఉంటావు. అందుకే ఉత్తరం.

తేలికవి ముందు చెప్పేస్తాను. రిపోర్టు తీయించు. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అని అందరి అప్పుల లెక్కలూ రాసుకునే కంపెనీలు నాలుగున్నాయి, నాలుగూ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. నీది నువ్వు చూసుకుంటే స్కోరు తగ్గదు. లోన్ కోసం కనబడ్డ చోటల్లా అప్లై చేస్తే తగ్గుతుంది, కాబట్టి కొన్నాళ్లు ఎక్కడా అడక్కు. ఆ ఫోన్ యాప్‌ల అప్పులు రెండూ చిన్నవే కదా, ముందు వాటిని తీర్చెయ్.

స్కోరు అంకె తర్వాత, ముందు పేరు చూడు. ఇక్కడి ఒడియా ఆఫీసుల్లో మన వెంకటలందరూ బెంకటలైపోతారని నీకు తెలుసు. పాన్ కార్డులో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంటుంది. మీ పెద్దనాన్న రిపోర్టులో గుణుపురం వైపు ఎవరిదో ట్రాక్టరు అప్పు వచ్చి కూర్చుంది. మనింట్లో ట్రాక్టరే ఉంటే నేను ముప్పై ఏళ్లు కుట్టుమిషను ఎందుకు తొక్కుతాను? సిబిల్ వాళ్ల సైటులోనే ఫిర్యాదు పెట్టాం. వాళ్లు తమంతట తాము ఏదీ చెరిపెయ్యరు, బ్యాంకును అడిగి, అది ఒప్పుకుంటేనే మారుస్తారు. ముప్పై రోజుల్లో తేల్చాలి. 2024 నుంచి ఆ గడువు దాటితే రోజుకు వంద రూపాయల చొప్పున నీకు పరిహారం ఇవ్వాలని రూలు. అప్పటికీ పలక్కపోతే ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు, ఖర్చు లేదు. ఏజెంటు చేసేదీ ఇదే. నీ ఓటీపీ అడిగి మరీ చేస్తాడు, అంతే తేడా.

ఇక నా సంగతి. ఇది నీకెప్పుడూ చెప్పలేదు, మీ అమ్మకూ సగమే తెలుసు.

2009లో రెండు మోటారు మిషన్లు కొనడానికి ఎనభై వేలు అప్పు తీసుకున్నాను. మొదట్లో కిస్తీలు బాగానే కట్టాను. తర్వాత మీ పెద్దనాన్న కామెర్లతో మంచాన పడ్డారు, బరంపురం ఆసుపత్రికీ ఇంటికీ తిరగడంతోనే సరిపోయింది. నాలుగు నెలలు ఆగేసరికి బ్యాంకు మనిషి గుమ్మంలోకి రావడం మొదలెట్టాడు. గట్టిగా అరిచేవాడు కాదు. కానీ ఎదురింటి వాళ్లు బయటికి వచ్చే వేళ చూసుకునే వచ్చేవాడు. నాకు అప్పు కంటే ఆ ఎదురింటి అరుగంటేనే భయం.

బాకీ 62 వేలు తేలింది. ఒకరోజు అతనే, ‘నలభై కట్టెయ్యి మా, గొడవ ఉండదు’ అన్నాడు. నా చేతికి నాలుగు గాజులుండేవి. రెండు అమ్మాను. బ్రాంచిలో ఇంగ్లీషు కాగితం ముందు పెడితే చదవకుండానే సంతకం పెట్టాను, మెషీను మీద బట్ట జరిపినంత తేలిగ్గా. అతను స్టాంపు కొట్టి ‘సరిగలా’ అన్నాడు. ఒడియాలో అయిపోయిందని అర్థం, నాకు తెలుసు. కానీ టెక్కలి పిల్లని, ఇన్నేళ్లయినా ఆ మాట నా చెవికి ‘సరిపోయింది’ అన్నట్టే వినబడుతుంది. ఆ రోజు రెండూ వినబడ్డాయి. రెండూ తప్పే. వచ్చేదారిలో గుడి దగ్గర కొబ్బరికాయ కూడా కొట్టాను చూడు!

ఆరేళ్ల తర్వాత మీ అక్కకు విశాఖలో నర్సింగ్ సీటు వచ్చింది. చదువు లోన్‌కు నేనూ సంతకం పెట్టాలన్నారు. మేనేజరు నా రిపోర్టు తెరిచి, అందులో ఒక మాట మీద వేలు పెట్టి చూపించాడు. ‘సెటిల్డ్’. అంటే బాకీ తీరలేదు, బ్యాంకు నష్టానికి ఒప్పుకుని వదులుకుంది అని. నేను గాజులమ్మి కట్టిన నలభై వేలు అక్కడెవరికీ కనబడలేదు, కట్టని 22 వేలే కనబడ్డాయి.

ఆ 22 వేలు పోగేసి కట్టి, ఇక బాకీ లేదని రాసిచ్చే నో డ్యూస్ కాగితం తీసుకుని, రిపోర్టులో ‘క్లోజ్డ్’ అని మార్పించడానికి ఐదు నెలలు పట్టింది. ఈలోగా సీటు గడువు దాటిపోయింది. మీ అక్క ఇక్కడే డిగ్రీలో చేరింది. ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

అందుకనే నీ ఫోన్‌లో ఆ మెసేజ్ అంటే నాకంత గాభరా. ఒప్పుకోకు. మొత్తం కడతాను, వాయిదాలివ్వండి అని మెయిల్ పెట్టు, నోటిమాట వద్దు. చివరి రూపాయి కట్టాక నో డ్యూస్ తీసుకునే వరకూ అక్కణ్ణుంచి లేవకు. ఆ తర్వాత రిపోర్టు మళ్లీ తీసి చూడు. 2025 నుంచి బ్యాంకులు కనీసం పదిహేను రోజులకోసారి లెక్కలు పంపుతున్నాయి కాబట్టి మార్పు తొందరగానే కనబడాలి. ఆలస్యంగా కట్టిన నెలల మచ్చలు మాత్రం మూడేళ్ల దాకా అందులో కనబడుతూనే ఉంటాయి. వాటిని చూసి బెంగపడకు. కార్డు మిగిలితే లిమిట్‌లో మూడో వంతు దాటకుండా వాడు. తీసేసుకుంటే ఏదో ఒక బ్యాంకులో చిన్న ఎఫ్‌డీ వేసి దాని మీద కార్డు అడుగు.

ఒక్కటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. వాయిదాల మీద కొన్న ఆ ఫోను ఇంకా పనిచేస్తోందా? నెలకు నూటికి మూడు రూపాయలు పైచిలుకు వడ్డీ ఆ కార్డుకి! రెండు రూపాయల వడ్డీ అంటేనే మీ తాత చెప్పులు వదిలి పరిగెత్తేవాడు. మాకు ముందే చెప్పాల్సింది. రాయగడలో ఒక్కడివే కూర్చుని ఎన్ని రాత్రులు ఆ ఫోన్లు ఎత్తకుండా చూస్తూ ఉన్నావో తలుచుకుంటే నాకు అన్నం దిగడం లేదు.

వచ్చే శనివారం గుణుపురం దాకా బస్సులో వచ్చి రైలెక్కు. నాలుగు రిపోర్టులూ ప్రింటు తీయించుకుని రా, వాట్సాప్‌లో పంపితే ఆ అక్షరాలు నాకు ఆనవు. మీ అక్క కూడా వస్తోంది, బ్యాంకుకు మెయిల్ అది రాస్తుంది, ఇంగ్లీషు బాగా రాస్తుంది. మిగిలిన రెండు గాజులూ నా పేరు మీదే తాకట్టు పెడతాను. కార్డు వడ్డీతో పోలిస్తే అది చాలా తక్కువ. నువ్వు ప్రతి నెలా ఐదో తారీఖు లోపల నాకు పంపాలి. ఒక్క నెల తప్పినా మచ్చ నా రిపోర్టు మీద పడుతుంది, ఇప్పుడు నాది 782.

మీ పెద్దమ్మ